శుభవార్తల శాఖ

మల్లెలగడ్డ పురపాలక సంఘంలో పౌర సంబంధాల శాఖ ఒక నల్లబల్లతో పుట్టింది. అంతకు ముందు ఆ ఊళ్లో పౌరులూ ఉన్నారు, సంబంధాలూ ఉన్నాయి, శాఖ ఒక్కటే లేదు. కుళాయి రాకపోతే జనం ఖాళీ బిందెలతో ఆఫీసుకు వచ్చేవాళ్లు. ఎవరు కనబడితే వాళ్లని నాలుగు తిట్టి, గొంతెండిపోయాక ఇళ్లకు వెళ్లేవాళ్లు. సంబంధాలు అంత నేరుగా ఉండేవి.

ఒక ఎండాకాలం మోటారు కాలిపోయింది. జనం బయల్దేరారని హెడ్ గుమాస్తాకి తెలిసింది. గుమ్మం బయట నల్లబల్ల పెట్టించి, కొత్తగా చేరిన చక్రధరం చేతిలో సుద్దముక్క పెట్టి, ఏదో ఒకటి రాయవయ్యా బాబూ అని లోపలికి వెళ్లి గడియ వేసుకున్నాడు. చక్రధరం కాసేపు బుర్ర గోక్కుని, గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాడు: ‘సాంకేతిక కారణాల వల్ల నీటి సరఫరాలో స్వల్ప అంతరాయం. సహకరించిన ప్రజలకు ధన్యవాదాలు.’

జనం వచ్చారు, చదివారు. సహకరించినందుకు ముందే ధన్యవాదాలు చెప్పేశాక ఇంకా తిడితే ఏం బాగుంటుందనుకున్నారో ఏమో, ఒకరి మొహాలు ఒకరు చూసుకుని వెళ్లిపోయారు. అప్పటి కమిషనర్ ఇదంతా కిటికీలోంచి చూశాడు. మోటారు బాగుచేయించడం కంటే సుద్దముక్క కొనడం ఎంత సులువో ఆయనకు ఆ క్షణాన తెలిసొచ్చింది. సాయంత్రానికల్లా చక్రధరం సమాచార సహాయకుడైపోయాడు. మోటారు సంగతి మళ్లీ చాలా రోజులకి గానీ ఎవరికీ గుర్తు రాలేదు.

అక్కణ్ణించి శాఖ ఆగలేదు. నల్లబల్ల పోయి పత్రికా ప్రకటన వచ్చింది. ప్రకటన వెనక మైకు కట్టిన ఆటో వచ్చింది. ఆటో వెనక ‘మన మల్లెలగడ్డ’ అనే రంగుల కరపత్రం వచ్చి, పాలపాకెట్టు కంటే ముందే ప్రతి గుమ్మంలో పడసాగింది. ఇన్ని పనులకు మనుషులు కావాలి కదా. కొత్తవాళ్లను తీసుకోవడానికి అనుమతి లేదు గనక ఉన్నవాళ్లనే తెచ్చారు. రెంచీ వణక్కుండా పట్టుకుంటాడని ఒక ఫిట్టర్ని ఫొటోగ్రాఫర్ని చేశారు. మీటర్లు చూసే ఆయన ఎలాగూ ఇంటింటికీ తిరుగుతాడు కాబట్టి ప్రజాభిప్రాయ పరిశీలకుడయ్యాడు. మోటార్లు బాగుచేసే షెడ్డుకి ఏసీ పెట్టి, అందులో నీలం తెర కట్టి స్టూడియో అన్నారు. చివరికి నీటి సరఫరా విభాగంలో నజీర్ అనే ఇంజనీరూ, ఒక నిచ్చెనా మిగిలారు. ఆ నిచ్చెనని కూడా పోస్టర్లు అంటించడానికి మధ్యమధ్య పట్టుకుపోతుండేవారు.

శాఖ ఇంత ఎదిగాక దానికొక డైరెక్టర్ లేకపోతే ఏం బాగుంటుంది? దశరథరామయ్య గారు వచ్చారు. ఆయన మామూలుగా మాట్లాడినా శంకుస్థాపన చేస్తున్నట్టే ఉండేది. వచ్చిన వారంలోనే ఒక నియమం తెచ్చారు. పురపాలక సంఘం వెలువరించే ప్రతి ప్రకటనలోనూ ప్రజలకొక శుభవార్త ఉండి తీరాలి. చెడువార్తలు ప్రజలు వాళ్లంతట వాళ్లే తెలుసుకుంటారు, వాటికి సంస్థ సిబ్బందిని వెచ్చించనక్కర్లేదు అని ఆయన వాదన. వినడానికి అందులో తప్పేమీ కనిపించలేదు.

అప్పట్నుంచి మల్లెలగడ్డలో కష్టాలు కరువయ్యాయి. పాత బస్టాండు దగ్గర గొట్టం పగిలితే అది పిల్లలకు ఉచిత ఫౌంటెన్. వీధి దీపాలు ఆరిపోతే నక్షత్ర వీక్షణ వారోత్సవం. వీధికుక్కలు ఎక్కువయ్యాయని ఎవరో అర్జీ పెట్టుకుంటే, రాత్రి కాపలా వ్యవస్థను పురపాలక సంఘం పైసా ఖర్చు లేకుండా పటిష్ఠం చేసిందని ఫొటోతో సహా వచ్చింది. ఆ ఫొటోలో కుక్క నిజంగానే ఠీవిగా కూర్చుంది.

ఇవన్నీ రాసింది చక్రధరమే. ఇప్పుడతను సీనియర్ పౌర సంబంధాల అధికారి. జుట్టు పల్చబడింది, అక్షరాలు మాత్రం ఇంకా గుండ్రంగానే ఉన్నాయి. తను రాసేదాంట్లో ఎంత నిజముందో అతనికి తెలియకపోలేదు. కానీ ఆ ఊళ్లో అతను రాసిన ప్రతి ముక్కనీ నమ్మే మనిషి ఒకరున్నారు. ఆ ఒక్క ధైర్యంతో పొద్దున్నే లేచి, చొక్కా ఇస్త్రీ చేసుకుని ఆఫీసుకు వెళుతుండేవాడు.

ఆ ఒక్కరూ అతని అత్తగారు నాంచారమ్మ. సొంత తమ్ముడి కొడుకునే అల్లుణ్ణి చేసుకుంది గనక చిన్నప్పటి పిలుపే, ‘ఒరే చక్రం’ అనేది. ఆవిడుండేది వాటర్ ట్యాంకు వీధిలో, ట్యాంకుకి ఆనుకున్న మొదటి ఇంట్లో. పొద్దున గుమ్మంలో పడగానే ఒకసారి తనలో తను చదువుకున్నా, రోజూ సాయంత్రం మళ్లీ మెట్ల మీద కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, ‘మన మల్లెలగడ్డ’ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా వీధి వీధంతా వినేలా చదివేది. చదవడం అయిపోగానే, మా అల్లుడు రాశాడు అని ఒక మాట అనేది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహం చూడాలని చక్రధరం ఏదో వంక పెట్టుకుని ఆ వీధి మీదుగా వెళ్లిన సాయంత్రాలు ఎన్నో.

ఇలా అంతా కడుపులో చల్ల కదలకుండా సాగుతుండగా ఒక రోజు నజీర్ హడావిడిగా వచ్చి చక్రధరం బల్ల ముందు నిలబడ్డాడు. ట్యాంకు కడిగించాననీ, అందులో బ్లీచింగ్ బాగా దట్టించాననీ, ఆ నీళ్లు ఊళ్లోని గొట్టాలన్నిటిలోంచీ చివరి కుళాయి దాకా పారితే గానీ లోపలి పాచి పోదనీ చెప్పాడు. రేపు పొద్దున వదిలేది ఆ నీళ్లే. ఎవరైనా తాగితే కడుపు పట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే. ఎల్లుండి నుంచి మాత్రం ఈ ఊరు ఎన్నడూ చూడనంత మంచి నీళ్లొస్తాయన్నాడు.

చక్రధరానికి వెంటనే ట్యాంకు పక్క ఇల్లు గుర్తొచ్చింది. కుళాయి తిప్పగానే అందరికంటే ముందు నీళ్లొచ్చేది ఆ ఇంటికే. పొద్దున్నే చెంబుడు నీళ్లు తాగనిదే అత్తగారికి రోజు మొదలవదు. అతను కాగితం తీసుకుని రెండే రెండు ముక్కలు రాశాడు: ‘రేపు ఉదయం కుళాయి నీళ్లు ఎవరూ తాగకండి. అవి గొట్టాలు కడగడానికి వదిలే నీళ్లు.’ రాశాక తనే ఆశ్చర్యపోయాడు. ఒక నిజం రాయడానికి ఇంత తక్కువ సిరా పడుతుందని అతనికి తెలియదు.

అయితే శాఖ పద్ధతి శాఖదే. ఏ ప్రకటనైనా భాషా సంస్కరణ విభాగానికీ, అక్కణ్ణించి ప్రజా మనోభావాల విభాగానికీ, అక్కణ్ణించి ఉత్సవాల విభాగానికీ వెళ్లి, డైరెక్టరు గారి సంతకంతో అచ్చుకు పోవాలి. అచ్చయ్యే ముందు రాసినవాడికి చూపించకూడదు, చూస్తే బాధపడతాడని. ప్రకటన వెలువడకుండా ఏ ఉద్యోగీ నోటిమాటగా ప్రజలకు ఏదీ చెప్పకూడదు. అలా చెప్పినందుకే వెనకటికి ఒక బిల్లు కలెక్టర్ని శ్మశానం గేటు డ్యూటీకి వేశారు. అక్కడ మాట్లాడినా వినేవాళ్లుండరని.

మధ్యాహ్నం డైరెక్టరు గారు కబురు పెట్టారు. చక్రధరం వెళ్లేసరికి ఆయన ఆ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూస్తున్నారు.

"చక్రధరం గారూ, ‘తాగకండి’ అనే పదప్రయోగం ద్వారా సంస్థ ప్రజలకు ఎటువంటి సంకేతాన్ని అందిస్తున్నది?"

"తాగొద్దని అందిస్తున్నదండి."

"సంస్థ ప్రజలకు ఇచ్చేదే గానీ వద్దనేది కాదు. ఇందులో శుభవార్తా అంశం ఎక్కడ నిక్షిప్తమై ఉన్నదో సెలవివ్వండి."

చక్రధరానికి ఒళ్లు మండింది. తాగకుండా ఉంటే కడుపునొప్పి రాదండి, అంతకంటే శుభవార్త ఇంకేముంటుంది అన్నాడు. వెటకారంగానే అన్నాడు. డైరెక్టరు గారి కళ్లు మాత్రం మెరిశాయి. కలం తీసి కాగితం అంచున ‘ఉదర సౌఖ్యం’ అని రాసుకున్నారు. సారాంశం చెక్కుచెదరదు, మీరు నిశ్చింతగా వెళ్లిరండి అన్నారు.

నిశ్చింత ఎక్కణ్ణించి వస్తుంది? ఇంటికి వెళ్లేటప్పుడు అత్తగారి వీధి మలుపులో స్కూటర్ ఆపాడు. ఒక్క మాట చెప్పి వచ్చేస్తే సరిపోయేది. కానీ మెట్ల మీద ఆవిడ చుట్టూ వీధి సగం కూర్చుని ఉంది. ఎదురుగా ప్రజాభిప్రాయ పరిశీలకుడు అరటిపళ్లు బేరమాడుతూ నిలబడ్డాడు. చక్రధరానికి శ్మశానం గేటు కళ్ల ముందు కదిలింది. డైరెక్టరు గారు మాట ఇచ్చారు గదా, రేపు పొద్దున్నే అచ్చులో చదువుకుంటుంది గదా అని తనకు తనే సర్దిచెప్పుకుని స్కూటర్ తిప్పేశాడు. ఇల్లు చేరేదాకా తన మీద తనకే అసహ్యం వేసింది.

తెల్లారుతుండగా గుమ్మంలో ‘మన మల్లెలగడ్డ’ పడింది. చక్రధరం పరిగెత్తుకెళ్లి తీశాడు. మొదటి పేజీ నిండా నీలం రంగు. మధ్యలో డైరెక్టరు గారు గ్లాసు ఎత్తి పట్టుకుని నవ్వుతున్నారు. కింద పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: ‘అమృత జలోత్సవం! ఉదర సౌఖ్యాన్ని ప్రసాదించే విశేష జలం నేటి ఉదయం మీ ఇంటి ముంగిటకే. మల్లెలగడ్డ చరిత్రలో ఇంత స్వచ్ఛమైన నీరు లేదు. కుటుంబ సమేతంగా సేవించి తరించండి.’ అడుగున, రచన చక్రధరం అని పేరు కూడా వేశారు. ఇన్నాళ్ల సర్వీసులో అతని పేరు అచ్చులో పడటం అదే మొదలు.

లుంగీ మీదే స్కూటర్ ఎక్కాడు. భార్య ఇందుమతి వెనక నుంచి ఏమిటని అడుగుతుంటే, మీ అమ్మ తాగేస్తుందే అని మాత్రం అనగలిగాడు. మైకు ఆటో అప్పటికే సెంటర్లో తిరుగుతూ, రండి తాగండి తరించండి అని సన్నాయి పాటతో కలిపి ఊదరగొడుతోంది. నీళ్లు వదిలే వేళయింది. ఎవరు తాగారో, ఎంత తాగారో, ఎవరి పిల్లలు తాగారో అని దారి పొడుగునా అతని మనసు పరిపరి విధాల పోయింది.

దార్లో ఒక వింత కనబడింది. మామూలు రోజుల్లో వీధి కుళాయి దగ్గర బిందెలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఇవాళ కుళాయి ధారగా పారుతోంది, దాని కింద ఒక్క బిందె లేదు. తర్వాతి వీధిలోనూ అంతే. ఆ పై వీధిలో ఒకావిడ చంటిపిల్లాణ్ణి కుళాయి వైపు పోనివ్వకుండా చెయ్యి పట్టుకు లాక్కొస్తోంది. టీ కొట్టాయన బయటి నుంచి తెప్పించిన క్యాన్లు దింపించుకుంటున్నాడు. చక్రధరం స్కూటర్ ఆపి, ఏమయ్యా కుళాయి నీళ్లు పట్టుకోలేదా అని అడిగాడు.

టీ కొట్టాయన అతన్ని ఎగాదిగా చూశాడు. "భలేవారండీ. మామూలుగా నీళ్లొస్తున్నాయని రాస్తేనే వడగట్టి కాచుకుంటాం. ఇవాళ ఇంతలా పొగిడారంటే అందులో ఏదో పడిందనేగా?"

చక్రధరానికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఊరు బతికిపోయింది. అందరూ బతికిపోయారు, తన మాట నమ్మే ఒక్క మనిషి తప్ప. స్కూటర్ని ఇంకా వేగంగా పోనిచ్చాడు.

నాంచారమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లో ‘మన మల్లెలగడ్డ’, పక్కన ఇత్తడి చెంబు. చక్రధరం చెంబు లాక్కుని లోపలికి చూశాడు. సగం ఖాళీగా ఉంది.

"అత్తా, తాగేశావా?"

"తాగానురా. రాత్రి కాచి చల్లార్చిన నీళ్లు. ఏం?"

చక్రధరం మెట్టు మీద కూలబడ్డాడు. ఊపిరి కుదుటపడ్డాక జరిగినదంతా చెప్పాడు. తను రాసింది రెండు ముక్కలేననీ, వాళ్లు దాన్ని ఉత్సవం చేశారనీ, ఆవిడ ఎక్కడ నమ్మి తాగేస్తుందోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చాననీ చెప్పాడు. అన్నీ చెప్పాక, నువ్వెలా నమ్మకుండా ఉన్నావత్తా అని అడిగాడు.

నాంచారమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది. "నీ మాట నమ్మకపోవడం ఏమిట్రా? నోటితో నువ్వేం చెప్పినా నమ్ముతాను. ఇది నీ మాటా? మా అల్లుడు రాశాడని చెప్పుకుంటే బాగుంటుందని చదువుతాను గానీ, దీన్ని పట్టుకుని నీళ్లు తాగుతారా ఎవరైనా?"

అత్త బతికి ఉందన్న సంతోషం ఒక పక్క, తన రాతను నమ్మే ఒక్కరు కూడా లేరన్న దిగులు ఒక పక్క. రెంటిలో ఏది ఎక్కువో తేల్చుకోలేక చక్రధరం ఆవిడ పెట్టిన ఉప్మా తినేసి ఆఫీసుకు వెళ్లాడు.

ఆఫీసులో పండగ వాతావరణం. ఊరు మొత్తం మీద ఒక్క కడుపునొప్పి కేసు కూడా లేదని నజీర్ రిపోర్టు ఇచ్చాడు. ఇప్పటి కమిషనర్ పురుషోత్తం గారు స్టూడియోలో నీలం తెర ముందు నిలబడి, ప్రకటన వెలువడిన ఒక్క పూటలోనే యావన్మంది ప్రజలూ దాని అంతరార్థాన్ని గ్రహించి వివేకంతో మెలగడం దేశంలోనే ప్రప్రథమమని ప్రకటించారు. డైరెక్టరు గారికి శాలువా కప్పారు. చక్రధరానికి ఆ శాలువా ఫొటో కింద వాక్యం రాసే బాధ్యత అప్పగించారు.

మర్నాడు నజీర్ చెప్పినట్టే నీళ్లు కొబ్బరినీళ్లలా వచ్చాయి. శాఖ ఊరుకుంటుందా? నేటి నీరు నిజంగానే స్వచ్ఛమైనదని ప్రకటన వేసింది. ‘నిజంగానే’ అన్న మాట చూసి జనానికి ఉన్న కాస్త ధైర్యం కూడా పోయింది. పసిపిల్లల్ని తీసుకుని కొందరు చుట్టాలూళ్లకి బయల్దేరారు. మంచినీళ్లు కాలవల్లోంచి వృథాగా పోతుంటే నజీర్ కుళాయి పక్కన నిలబడి, ఉత్త చేతులతో పట్టుకుని తాగి చూపించాడు. ఒక్కడూ కదల్లేదు. జీతం తీసుకుంటున్నాడు, తాగక ఏం చేస్తాడు అన్నారు.

చక్రధరం చూసి చూసి, శ్మశానం గేటుకి వేస్తే వెయ్యనీ అనుకున్నాడు. అత్తగారింటికి వెళ్లి, మెట్ల మీద కూర్చుని, మామూలుగా చెప్పాడు. "అత్తా, ఇవాళ నీళ్లు బాగున్నాయి. పట్టుకో."

ఆవిడ మారుమాట్లాడకుండా లేచి బిందె పెట్టింది. చూసి పక్కింటావిడ పెట్టింది. మధ్యాహ్నానికల్లా ఆ మాట వీధి దాటింది, సెంటర్ దాటింది. టీ కొట్టాయన క్యాన్లు వెనక్కి పంపించేశాడు. సాయంత్రానికి ఊళ్లో ఖాళీ బిందె దొరకలేదు. చక్రధరానికి ఉద్యోగంలో చేరాక ఇంత హాయి ఎప్పుడూ కలగలేదు.

ఆ హాయిలో అతనొక పొరపాటు చేశాడు. ఏ మాధ్యమం ద్వారా ఈ ఘనత సాధ్యపడిందని కమిషనర్ గారు అడిగితే, మా అత్తగారి ద్వారానండి అని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. కమిషనర్ గారూ డైరెక్టరు గారూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరి మొహాలూ వెలిగిపోయాయి. పౌర సంబంధాల రంగంలో ఇది నూతన అధ్యాయమన్నారు. అప్పటికప్పుడు తీర్మానం చేశారు. వార్డుకొక అధీకృత అత్తగారు. వారిపై పర్యవేక్షణకు ఒక అత్తగార్ల సమన్వయాధికారి. అత్తగార్లు ప్రతి ఉదయం శాఖ పంపే శుభవార్తను మెట్ల మీద కూర్చుని సహజమైన ధోరణిలో పలకాలి. మొదటి నియామకం నాంచారమ్మకే. ఆవిడ ఛాతీకి పెట్టుకోవడానికి పురపాలక సంఘం ముద్రతో ఇత్తడి బిళ్ల చేయించి, ఇచ్చి రమ్మని చక్రధరాన్నే పంపారు.

చక్రధరం మెట్ల దగ్గరకు వెళ్లి తలొంచుకుని బిళ్ల ఆవిడ చేతిలో పెట్టాడు. నాంచారమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, ఎండకు పెట్టి చూసింది. బాగుందిరా, మెరుస్తోంది అంది. తర్వాత అతని వైపు చూసి అడిగింది.

"ఒరే చక్రం, ఇది పెట్టుకున్నాక రేపు నీళ్లు బాగున్నాయని చెప్పాలంటే, నేను ఎవరి చేత చెప్పించుకోవాలి?"

ఎదురింటావిడ అప్పుడే కుళాయి దగ్గర బిందె నింపుకుని గుమ్మం ఎక్కబోతూ, నాంచారమ్మ చేతిలో మెరుస్తున్న బిళ్లను చూసింది. ఒక్క క్షణం ఆగి, బిందెడు నీళ్లూ కాలవలో ఒంపేసి లోపలికి వెళ్లిపోయింది.